ఆమ్లెట్టు పెట్టే కోళ్ల ఊరి నుంచి కడపకు

ఈ ప్రయాణం చేసి వచ్చి రెండేళ్లు దాటింది. ఇంతకాలం రాయకపోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, నాకు రాత రాకపోవడం. యాభై దాటేదాకా నాకు అక్షరం ముక్క తెలియదు. తెలిసిన తర్వాత కూడా పేరు రాసుకోవడం వేరు, పేజీ రాయడం వేరు. వత్తులు చాలాకాలం నా మాట వినలేదు. రెండోది, కడపలో ఒక పెద్దమనిషికి నేను ఇచ్చిన మాట. పోయిన నెల ఆయనే సొంత చేత్తో ఉత్తరం రాశాడు, "ఇంక రాసుకో తల్లీ, నాకేమీ అడ్డం లేదు" అని. ఆ ఉత్తరాన్ని ఎవరి చేతా చదివించుకోలేదు. నేనే చదువుకున్నాను.

నా పేరు సుందరమ్మ. కర్నూలులో ఫుట్‌బాల్ మైదానం గోడ పక్కన నాకు ఉగ్గాని, బజ్జీల బండి ఉంది. బొరుగులు నానబెట్టి తాలింపు వేస్తే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే దాన్ని మా ఊళ్లో ఎవరూ ముట్టరు. పాతికేళ్లుగా నూనె బాణలి ముందు నిలబడి ఆటలు చూశాను కాబట్టి ఫుట్‌బాల్ గురించి నాకు తెలియంది తక్కువ. చదువు మాత్రం మా చర్చి పాస్టరమ్మ చెప్పింది. సాధన అంతా బజ్జీలు చుట్టే పాత పేపర్ల మీద చేశాను. అందుకే నాకు ఏ వార్తా పూర్తిగా తెలియదు. ఎవరో గెలిచారని తెలుస్తుంది. ఎవరి మీద గెలిచారో ఆ ముక్కలో బజ్జీలు పెట్టి అప్పటికే ఎవరికో ఇచ్చేసి ఉంటాను.

పలకల సంగతి

మా జట్టు పేరు హంద్రీ జట్టు. హంద్రీ అంటే మా ఊరి పక్కన పారే ఏరు. పారే అని రాశాను గానీ, ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో ఇసుక, ముళ్లకంప తప్ప ఏమీ ఉండదు. కడపలో ఉన్నది బుగ్గ జట్టు. అదీ వాళ్ల ఊరి వాగు పేరే. అందులోనూ నీళ్లుండవు. ఎండిన వాగుల పేర్లు పెట్టుకున్న ఈ రెండు జట్లు, మీ ఏట్లో చుక్క లేదంటే మీ వాగులో చుక్క లేదని ఎగతాళి చేసుకుంటూ ఏళ్ల తరబడి ఆడుతున్నాయి.

వీళ్ల మధ్య ఒక ఆచారం ఉంది. ఒకే నల్లబండను రెండుగా కోయించి, అన్నం పళ్లెమంత పలకలు రెండు చేయించారు. ఒక అంచున తాడు కట్టడానికి బెజ్జం ఉంటుంది. ఒక పలక మా దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర. ఆట రోజు ఒక్కో ఊరి తరఫున ఒక మనిషి అవతలి ఊరిని ఎగతాళి చేస్తూ సుద్దతో ఒక మాట రాసి గుడ్డ కప్పాలి. ఏం రాశారో సొంత ఊరివాళ్లకు కూడా చూపించకూడదు. ఆట అయిపోయాక, గెలిచిన ఊరి పలకను ఓడిన ఊరివాళ్లలో అందరికంటే పెద్ద వయసు మనిషి చేతిలో పెడతారు. ఆ మనిషి మైదానం నడుమ నిలబడి గట్టిగా చదవాలి. నవ్వకూడదు. పక్కవాళ్లు అందించకూడదు. చదివాక అందరూ కలిసి టీ తాగుతారు.

ఈ ప్రయాణానికి మూడేళ్ల ముందు కడపవాళ్లు మా ఊరు వచ్చి మమ్మల్ని రెండు సున్నాతో కొట్టారు. మా వైపు ఎప్పుడూ చదివేది టైలర్ ఖాదర్ సాబ్. ఆటగాళ్ల బనీన్లన్నీ ఆయనే కుడతాడు. ఆ రోజు కూతురి కాన్పని ఆయన ఊళ్లో లేడు. "పెద్దోళ్లెవురు?" అని కేకలు పెట్టి చివరికి నన్ను బండి దగ్గర నుంచి లాక్కుపోయారు. శెనగపిండి చేతుల్లోకి పలక వచ్చింది. కడప తరఫున రాసిన సుబ్బయ్య శెట్టి నా ఎదురుగా నిలబడ్డాడు. సన్నటి మనిషి, భుజాన తువ్వాలు, కడపలో చిల్లర అంగడి.

నాకు చదువు రాదని చెప్పడానికి నోరు రాలేదు. రెండు వందల మంది చూస్తున్నారు. గొంతు సవరించుకుని, తోచింది చదివినట్టు చెప్పాను:

"కర్నూలు ఎండకు కోళ్లు గుడ్లు పెట్టవు. నేరుగా ఆమ్లెట్టే పెడతాయి."

కడపవాళ్లు నేల మీద పడి దొర్లారు. మావాళ్లు కోపం తెచ్చుకోబోయి వాళ్లూ నవ్వారు. ఎన్నడూ ఇంత మంచి మాట పడలేదని కడపవాళ్లు సుబ్బయ్య శెట్టిని భుజాల మీదికి ఎత్తారు. ఆయన కిందికి దిగి నా చేతిలో పలక తీసుకుని, తువ్వాలుతో చెరిపి, నా ముఖంలోకి ఒకసారి చూశాడు. "బాగా చదివినావు తల్లీ" అని మాత్రం అన్నాడు.

ఆ మాట ఊరూరూ తిరిగింది. కర్నూలు బస్సు కనిపిస్తే చాలు, కడప కుర్రాళ్లు కోడిలా కూసేవారు. మా ఊరికి తగిలిన ఆ దెబ్బ కొట్టింది నేనేనని నాకూ శెట్టికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ తర్వాతి వారమే పాస్టరమ్మ దగ్గరికి పలకా బలపం పట్టుకుపోయాను.

కాబట్టి నేను కడపకు బయలుదేరింది రెండు పనుల మీద. ఆ రోజు పలక మీద నిజంగా ఏముందో శెట్టిని అడగాలి. ఈసారి పలక చేతికి వస్తే ఉన్నది ఉన్నట్టు చదవాలి. కానీ పలక నా చేతికి రావాలంటే మా జట్టు ఓడిపోవాలి. పాతికేళ్లలో మొదటిసారి నేను మా జట్టు ఓటమి కోరుతూ బస్సెక్కాను.

ఓర్వకల్లు

పాస్టరమ్మకు, "చదువు పని మీద పోతాండా" అని చెప్పి ఆదివారం ఆరాధన ఎగ్గొట్టాను. అబద్ధం కాదు కదా. తెల్లవారుతూనే నలభై మందిమి బస్సులో కూర్చున్నాం. ఓర్వకల్లు రాళ్లగుట్టలు వచ్చేసరికి ఎండ మొదలైంది, తగువూ మొదలైంది.

మొదలుపెట్టినవాడు ఆటో నడిపే ఓబులేసు. మా అభిమానుల్లో అతని గొంతే పెద్దది. "ఓడిపోతే సదివేది ఎవురప్పా ఈసారి?"

"నేనే. ఇంకెవురు?" అన్నాడు ఖాదర్ సాబ్. ఈ యాత్ర కోసం కొత్త టోపీ కుట్టుకున్నాడు.

"మీకంటే నేను పెద్దదాన్ని సాబ్" అన్నాను.

బస్సంతా నా వైపు తిరిగింది. ఒక ఆడమనిషి వయసు పెంచి చెప్పుకోవడం వాళ్లెప్పుడూ వినలేదు.

"అరె, నువ్వు నాకు చెల్లెలివి సుందరమ్మా."

"నువ్వే నాకు తమ్మునివి."

మా ఇద్దరికీ పుట్టినరోజు కాగితం లేదు. మా కాలం వాళ్లు వయసును కరువులతోనో వరదలతోనో కొలుచుకుంటారు. కర్నూలు వాళ్లకు ఇంకో కొలత ఉంది. మా ఊరు మూడేళ్లు రాజధానిగా ఉన్న కాలం. కచేరీలకు కట్టడాలు చాలక డేరాలు వేశారు. ముసలివాళ్లందరం మా వయసు ఆ డేరాల నుంచే లెక్కపెడతాం.

"డేరాలు ఏసినప్పుడు నేను మా యమ్మతో కలిసి ఆడ మజ్జిగ అమ్ముతాంటి" అన్నాను.

"ఓస్, అంతేనా! నేను ఆ డేరాల కాడ రోజంతా ఉంటాంటి. నాకు తెల్వని గుమాస్తా లేడు. ఒకనాడు పరిగెత్తి డేరా తాడుకు తట్టుకుని బోర్లా పడితి. ఈడ, ముందర పన్ను ఊడిపాయ. కలెక్టరాఫీసు బంట్రోతు నన్నెత్తుకుని..."

"పన్ను ఊడిందా?" అన్నాను. "మళ్లా మొలిసిందా?"

"మొలవక? ఇదిగో" అని నోరు తెరిచి గట్టి పన్ను చూపించాడు ఖాదర్ సాబ్.

ఓబులేసు సీటు మీదికెక్కి నిలబడ్డాడు. "పాలపన్ను! సాబ్‌కు రాజధాని నాటికి పాలపళ్లు! సుందరమ్మక్క అప్పటికే మజ్జిగ అమ్ముతాండాది! తీర్పు అయిపాయ!"

ఖాదర్ సాబ్ నోరు మూసుకున్నాడు. అంతవరకు నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి, కిటికీలోంచి రాళ్లగుట్టలు చూస్తూ చాలాసేపటికి, "నీళ్లుండాయా అక్కా?" అని అడిగాడు. జాలేసింది. గెలిచిన సంతోషమూ కలిగింది. రెండూ కలిపి సీసా ఇచ్చాను.

నంద్యాల

నంద్యాలలో టిఫినుకు ఆపారు. పరాయి బజ్జీ తినేటప్పుడు నా మనసులో దయ ఉండదు. ఇక్కడ ప్లేటు ఆరు రూపాయలు, నా దగ్గర అయిదు. బజ్జీ పెద్దది గానీ లోపల మిరపకాయ గింజలు తీసేశారు. గింజ తీసిన బజ్జీ ఊరికే పిండివంట. ఉగ్గానిలో మాత్రం పుట్నాల పొడి చివర్లో చల్లారు, తాలింపులో కాదు. మేం తాలింపులోనే వేస్తాం, మాడుతుంది. పాతికేళ్లుగా చేస్తున్న పని ఒక ముద్దతో మార్చుకున్నాను. ఇది మాత్రం ఆ హోటలాయనకు చెప్పలేదు.

ఆయనే మమ్మల్ని అడిగాడు. "యాడి నుంచప్పా?"

"కర్నూలు. కడపకు ఆటకు పోతాండాం."

"అట్లనా!" అని ఒకసారి లోపలికి చూసి, "ఒరేయ్, కర్నూలోళ్లంట, ఆమ్లెట్లు వద్దులే, వాళ్లకు ఇంట్లో ఉంటాయి" అన్నాడు.

బస్సు ఎక్కేవరకు మావాళ్లు సుబ్బయ్య శెట్టిని తిట్టారు. నేను తల వంచుకుని చేతులు కడుక్కున్నాను. అవసరానికి మించి కడుక్కున్నాను.

ఆళ్లగడ్డ

ఆళ్లగడ్డ దగ్గర టైరు పగిలింది. ఆ ఊరంతా రాయి చెక్కేవాళ్లు. రోడ్డు పక్కన దేవుళ్లు వరసగా నిలబడి ఉంటారు, కొందరికి ఇంకా ముఖాలు రాలేదు. ఒక శిల్పి పందిరి కింద నీడ చూసుకుని కూర్చున్నాను. పలక రాసే పని ఈసారి నాకే ఇచ్చారు. మూడేళ్ల కిందట అంత బాగా చదివినదాన్ని రాయడం కూడా బాగానే రాస్తానని వాళ్ల నమ్మకం.

ఏం రాయాలో చెప్పే మనుషులకు కొదవ లేదు. మా తుంగభద్ర నీళ్లు కాలువ పట్టుకుని కడప దాకా పోతాయి కదా, మావాళ్లకు అదే ఎప్పుడూ ఆయుధం.

"రాయక్కా, మేం ఎద్దులు కడిగిన నీళ్లే మీరు తాగేది అని రాయి."

"ఎద్దులు, బర్రెలు, మా ఓబులేసు ఆటో, ఇవన్నీ కడిగిన నీళ్లు అని రాయల్ల."

"అంత పొడుగు ఏల? కాలువ కట్టేస్తే మీ గతేంది అను."

అందరినీ తరిమేసి రాయడం మొదలుపెట్టాను. నా అక్షరాలు పెద్దవి. పాస్టరమ్మ నాలుగు గీతల పుస్తకంలో నేర్పింది, నాకు నాలుగు గీతలూ నిండాలి. 'మేము ఎద్దులు కడిగిన' అని రాసేసరికి పలక అయిపోయింది. చెరిపాను. 'తుంగభద్ర కాలువలో' అని రాశాను. మళ్లీ అయిపోయింది.

ఉలి పక్కన పెట్టి చూస్తున్న శిల్పి దగ్గరికి వచ్చాడు. "ఎవురు పోయినారమ్మా?"

"ఎవురూ పోలేదు నాయనా."

"రాతి మీద రాస్తాంటే సమాధికేమో అనుకుంటి." అక్షరాల వైపు వంగి చూశాడు. "బాగుండాది. ఒక్కో అక్షరం చెక్కినట్ల రాస్తాండావు. కానీ రాతి మీద రాసేటోళ్లు తక్కువ మాటలు రాయల్ల. మేము కూలి అక్షరానికింత అని తీసుకుంటాం, అందుకే ఎవురూ ఎక్కువ రాయించరు."

ఆ సలహా నచ్చింది. నాకు వత్తులు బాగా కుదిరే మాటలు వెతుక్కుని, అక్షరాలు కాస్త కుదించి, పలకకు సరిపోయేంత రాశాను. గుడ్డ కప్పేలోపే శిల్పి చదివేశాడు. "ఇది తిట్టా?" అని అడిగాడు. నేను గుడ్డ కప్పేశాను. టైరు వేయడం అయిపోయింది.

దువ్వూరు దాటాక

చాగలమర్రితో మా జిల్లా అయిపోతుంది. దువ్వూరు నుంచి కడప జిల్లా. నేల మారలేదు, ఎండ మారలేదు, తుమ్మచెట్లు మారలేదు. మావాళ్లు మాత్రం కిటికీలు దింపి, "అబ్బా, కడప గాలి, కంపు కంపు" అన్నారు. కాలువ వంతెన రాగానే బస్సు ఆపించి దిగారు. మా నీళ్లు చూసుకోవాలట. కాలువలో నీళ్లు లేవు. అడుగున బురద, అందులో ఒక చెప్పు ఉన్నాయి.

"కడపోళ్లు తాగేసినారు" అన్నాడు ఓబులేసు.

వంతెన మీద ఒకామె ఉడికిన చెనక్కాయలు అమ్ముతోంది. శేరు మూడు రూపాయలు. మా ఊళ్లో నాలుగు. ఉప్పు సరిగ్గా పడింది, బాగున్నాయి.

"ఏమ్మే, మీ కాలువలో నీళ్లేవి?" అని ఓబులేసు అడిగాడు.

"యాడివారప్పా మీరు?"

"కర్నూలు."

ఆమె శేరు గిన్నె కింద పెట్టి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. "కర్నూలా! మీ ఊర్లో కోళ్లు..."

"తెలుసులే" అన్నాం అందరం ఒకేసారి.

నవ్వించినందుకని ఆమె ఇంకో గుప్పెడు చెనక్కాయలు వేసింది. ఆ మాట పుట్టించిన మనిషికి మూడేళ్లలో దక్కిన కూలి అదే. ఒడిలో పోసుకుని తిన్నాను.

కడప

కడప చేరేసరికి మిట్ట మధ్యాహ్నం. మీ ఊళ్లోనే ఎండ ఎక్కువని రెండు ఊళ్లూ వాదించుకుంటాయి. ఈసారి నేను నిజాయితీగా చూశాను. రెండూ ఒకటే. కాకపోతే కడప ఇళ్లలో నేల మీద నల్లబండలు పరుస్తారు, చెప్పులు విప్పితే పాదాలకు హాయి. మా ఇంట్లో సిమెంటు. ఆ బండల వసారాలో ఒక గంట నడుం వాల్చాం. ఈ సుఖం గురించి కూడా మావాళ్లెవరూ పైకి అనలేదు.

నాలుగింటికి ఆట మొదలైంది. మైదానంలో గడ్డి లేదు, ఎర్రమన్ను. బంతి ఎటు పోతే అటు దుమ్ము లేస్తుంది. వాళ్ల వైపు నుంచి ఒకటే అరుపు: "కొక్కొరొకో!" మా గోల్‌కీపరు బంతి పట్టినప్పుడల్లా "గుడ్డు పట్టినాడ్రా! పగలగొట్టగాకు!" అన్నారు. మావాళ్లు ఊరుకుంటారా? వాళ్ల లావుపాటి బ్యాక్ ఆటగాడు పరిగెత్తినప్పుడల్లా, "ఒరేయ్, కడపబండ కదిలిందిరో! కింద సిమెంటు పెట్టలేదంట!" అని ఓబులేసు అరిచాడు. ఆ ఆటగాడు కూడా నవ్వి, బంతి వదిలేశాడు.

హాఫ్ టైంకు ముందే వాళ్లు ఒక గోల్ కొట్టారు. మావాళ్లు తల పట్టుకున్నారు. నేను తల పట్టుకున్నట్టు చేసి, పెదవులు కదపకుండా గుణింతాలు చెప్పుకున్నాను. ఇంకో నలభై అయిదు నిమిషాలు ఇలాగే సాగితే పలక నాదే. అటు చూస్తే శెట్టి తన మనుషుల మధ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గుడ్డ కప్పిన పలక. బంతి ఎడమ వైపు ఉంటే ఆయన ముఖం కుడి వైపు ఉంది. ముసలితనం అనుకున్నాను.

రెండో సగంలో మావాళ్లు ఒక గోల్ తిప్పి కొట్టారు. ఒకటీ ఒకటి. సమానమైతే ఎవరూ చదవరు, రెండు పలకలూ చెరిపేస్తారు. నేను దేవుణ్ణి ఏమని అడగాలో తెలియక, "నీకు తెలుసు కదా ప్రభువా" అని మాత్రం అన్నాను. ఆయనకు నిజంగా తెలిసి ఉంటుంది. ఇంకో అయిదు నిమిషాలుందనగా మా పిల్లవాడొకడు కార్నర్ బంతిని తలతో కొట్టాడు. కీపరు వేళ్లకు తగిలి లోపలికి పోయింది.

బస్సు జనమంతా ఎగిరారు. ఖాదర్ సాబ్ టోపీ గాల్లోకి విసిరాడు. నేను నిలబడిపోయాను. "అక్కకు సంతోషానికి నోరు పడిపాయ" అన్నారెవరో. పాలపన్ను తగువులో గెలిచి తెచ్చుకున్న పెద్దరికం ఎందుకూ కొరగాకుండా పోయింది.

మైదానం నడుమ

గెలిచిన పలక నాది కాబట్టి నేనే అందించాలి. వాళ్లలో పెద్ద సుబ్బయ్య శెట్టే. ఆయన ఒకరి చేయి పట్టుకుని నడుమకు వచ్చాడు. గుడ్డ తీసి పలక చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

పైన ఉండాల్సిన బెజ్జం కింద ఉంది. తాడు ఆయన చేతుల మధ్య నుంచి నేలకు వేలాడుతోంది. నా అక్షరాలు తలకిందులుగా నిలబడి ఉన్నాయి.

ఆయన గొంతు సవరించుకున్న తీరు నాకు తెలుసు. మూడేళ్ల కిందట ఆ గొంతు నాది.

"కడపలో..." అని మొదలుపెట్టాడు శెట్టి. నేను కడప అనే మాటతోనే మొదలుపెట్టి ఉంటానని ఊహించడం కష్టం కాదు. "కడపలో దోమతెరలు మనుషులకు కాదు. దోమలకు. మనుషులు కుడతారని."

వెంటనే మావాళ్ల వైపు నుంచి ఓబులేసు కేక లేచింది, అలాంటి కేక అతని ఆటో హారను కూడా వేయలేదు. "మూడేండ్లకు! మూడేండ్లకు దొరికిందప్పా మాట!" నన్ను ఎత్తబోయి, నా బరువు చూసుకుని ఆగిపోయారు. కడపవాళ్లు మొదట ముఖాలు ముడుచుకున్నారు. తర్వాత ఒకడు పక్కవాడి చేయి కొరికినట్టు చేశాడు, అంతే, అందరూ నవ్వు మొదలుపెట్టారు.

ఒక్క మాట అంటే చాలు, ఈ నవ్వంతా ఇంకో వైపు తిరుగుతుంది. 'పలక తలకిందులుగా ఉండాది' అంటే చాలు. కోడి కూతలకు పూర్తి బదులు తీరుతుంది. ఓబులేసుకు ఈ సంగతి తెలిస్తే పదేళ్లు చెప్పుకుంటాడు.

నేను ముందుకు వెళ్లి పలక తీసుకున్నాను. రాత కనపడకుండా గుండెకు ఆనించి కొంగు కప్పాను.

"బాగా చదివినారు శెట్టిగారూ" అన్నాను.

కారం దోశ

బస్సుకు ఇంకా సమయం ఉంది. శెట్టి నన్నూ ఖాదర్ సాబ్‌నూ తన అంగడి పక్క దోశల హోటలుకు పిలిచాడు. కడప కారం దోశ గురించి వినడమే గానీ తినడం అదే మొదలు. ఎర్రకారం దోశంతా పూసి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన శెనగపిండితో చేసిన బొంబాయి చట్నీ పోస్తారు. ఎనిమిది రూపాయలు. ఖాదర్ సాబ్‌కు రెండు ముక్కలకే కళ్ల నీళ్లు వచ్చాయి, సోడా కోసం లేచి పోయాడు. అప్పుడు శెట్టి గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పు తల్లీ. సక్కంగా పట్టుకున్యానా?"

"తలకిందులు."

"అదే అనుకుంటి." కాసేపు దోశ కోసం వేళ్లతో తడుముకున్నాడు. "రెండు కండ్లకూ పొర కమ్మింది. ఏడాదాయ. కొడుకులకు తెలిస్తే అంగట్లో తక్కెడ కాడ కూసోనీరు. ఇంట్లో ముసలోని లెక్క కూసోమంటారు. ఎవురికీ చెప్పగాకు."

"చెప్పను" అన్నాను.

"అయితే ఏం రాసినావో నాకన్నా చదివి చెప్పు."

పలక బల్ల మీద పెట్టాను. కొంగుకు సుద్ద అంటింది గానీ అక్షరాలు మిగిలే ఉన్నాయి. ఎంగిలి కాని చేతి వేలు ఒక్కో అక్షరం కింద పెట్టి, మధ్యలో ఆగకుండా చదివాను.

"కడప వాళ్లు మంచి వాళ్లు. ఆట రాదు. అంతే."

కడపలో పలక చదవాలన్న నా కోరిక అలా తీరింది. విన్నది ఒక్క మనిషి, అతనికీ కళ్లు కనపడవు.

శెట్టి భుజాలు ఊగేలా నవ్వాడు. "ఇదా! ఇంత మంచిగా తిడ్తే యాడ తగుల్తాది తల్లీ? నేను చదివిందే మేలు."

"మరి మూడేండ్ల కిందట మీ పలక మీద ఏముండె?"

"నీది వినినాక నాది చెప్పనీక సిగ్గాయ. నీ ఆమ్లెట్టు మాటకు ఊరంతా నన్ను మెచ్చుకుంటాండారు. నా పెద్దకోడలు గూడ మెచ్చుకుంది, అదెప్పుడూ జరగలేదు. కాదని యెట్ల చెప్పేది?" చట్నీలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. "ఆ పొద్దు ఆటకు ముందర మీ మైదానం గోడ కాడ ఎవురో బండిలో బజ్జీలు తింటి. ఆరు తింటి. అమ్మినామెను నేను చూడలేదు, బజ్జీనే చూస్తాంటి. చేతులు తుడుసుకుని పలక మీద రాస్తి: కర్నూలుకు మేము వచ్చేది బజ్జీ కోసం. ఆట ఊరికే."

ఖాదర్ సాబ్ సోడాతో తిరిగి వచ్చి నా ముఖం చూసి, "నీకు గూడా కారమాయనా అక్కా?" అని తన సోడా నాకు ఇచ్చాడు.

లేచేటప్పుడు శెట్టికి చెప్పాను, కంటి పొర తీయడం ఇప్పుడు పెద్ద పని కాదని, మా ఊళ్లో కూడా చేస్తారని, నేను తోడుంటానని.

"వద్దు తల్లీ. మీ ఊరి ఎండకు నా కన్ను ఆమ్లెట్టవుతాది" అన్నాడు.

మరుసటి ఉదయం

బస్సు తెల్లవారేసరికి కర్నూలు చేరింది. దారి పొడుగునా మావాళ్లు దోమతెర మాట పాటగా కట్టి పాడారు. ఆ మాట నాదేనని ఊరంతా ఇప్పటికీ నమ్ముతోంది. సోమవారం కాబట్టి నేను ఇంటికి పోకుండా నేరుగా బండి దగ్గరికే పోయాను. పొయ్యి వెలిగించాను. బొరుగులు నానబెట్టాను. పుట్నాల పొడి తాలింపులో వేయకుండా పక్కన పెట్టుకున్నాను.

తర్వాత బండి ముందు చెక్కను తడిగుడ్డతో తుడిచి, సుద్దముక్క తీసుకుని, నాలుగు గీతలు నిండే అక్షరాలతో రాశాను: 'కర్నూలుకు మేము వచ్చేది బజ్జీ కోసం. ఇట్లు, కడప వాళ్లు.'

ఖాదర్ సాబ్ మొదటి బేరానికి వచ్చి, నిలబడి రెండుసార్లు చదివాడు. "అంతేనా అక్కా వాళ్లు అనింది?"

'ఆట ఊరికే' అనే రెండో వాక్యానికి చెక్క మీద చోటు లేదు. ఉన్నా నేను రాసేదాన్ని కాదు.

"అంతే తమ్ముడా" అని ఆయనకు రెండు బజ్జీలు చుట్టి ఇచ్చాను.